మన బండి పన్ను రేటు మన అసెంబ్లీలోనే తేలాలి

(కావలిలో టాక్సీ, లారీ, ఆటో యజమానులు, చుట్టుపక్కల రైతులు కలిసి పెట్టుకున్న సభలో ఒక మాజీ జడ్పీటీసీ సభ్యుడు చేసిన ప్రసంగం ఇది. ఆ సాయంత్రం ట్రిప్పుల్లో ఉండి రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. అమ్మా, మీరు వెనక నిలబడి ఉన్నారు, ఈ పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నేను కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను. లెక్కలు చెప్పాలి. లెక్కలు గబగబా చెప్తే ఎవరికీ అర్థం కావు.

ఈరోజు ఒక్క విషయం మీద మాట్లాడటానికి వచ్చాను. కారు మీద వేసే పన్ను దేశమంతా ఒకటే ఉండాలి, ఆ రేటు ఢిల్లీలో తేలాలి అనే ఆలోచన ఒకటి ఉంది. దాన్ని నేను వ్యతిరేకిస్తున్నాను. మా పార్టీ వాళ్లు తెచ్చినా వ్యతిరేకిస్తాను, ఎదుటి పార్టీ వాళ్లు తెచ్చినా వ్యతిరేకిస్తాను. ఈ మాట ఇక్కడ మైకులో చెప్పి, రేపు మా పార్టీ ఆఫీసులో ఇంకోలా మాట్లాడేవాణ్ని కాదు. అందుకే రాసి సంతకం పెట్టి తెచ్చాను. ఆ కాగితం సభ పెట్టినవాళ్ల దగ్గర ఉంది.

ఇది ఇంకా చట్టం కాలేదు. చట్టం కానిదానికి ఇప్పుడే సభ ఎందుకు అని వచ్చేటప్పుడు ఒక పెద్దాయన అడిగాడు. పెద్దాయనా, చట్టం అయ్యాక సభ పెట్టుకుని ఏం చేస్తాం? పంట కోశాక కంచె కడతామా?

ముందు ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. 2018 ఏప్రిల్‌లో రాష్ట్రాల రవాణా మంత్రుల బృందం ఒకటి కేంద్రానికి సిఫారసు చేసింది. 10 లక్షల లోపు కారుకు 8 శాతం, 10 నుంచి 20 లక్షల కారుకు 10 శాతం, 20 లక్షలు దాటితే 12 శాతం. డీజిల్ బండి అయితే ఇంకో 2 శాతం ఎక్కువ, కరెంటు బండి అయితే 2 శాతం తక్కువ. దేశమంతా ఇదే ఉండాలన్నారు. అది సిఫారసుగానే ఆగింది. కానీ 2021లో, రాష్ట్రం మారినా నంబరు మార్చక్కర్లేని బీహెచ్ సిరీస్ నంబరు ప్లేటు వచ్చింది చూడండి, దాంట్లో ఇవే రేట్లు పెట్టారు. 8, 10, 12. రెండేళ్లకోసారి కట్టాలి. రాష్ట్రం వసూలు చేస్తుంది, రేటు మాత్రం కేంద్రం రాసింది. బదిలీల మీద తిరిగే ఉద్యోగులకు, బ్యాంకుల వాళ్లకు, శ్రీహరికోట షార్‌లో పనిచేసేవాళ్లకు, సైన్యంలో ఉన్న మన పిల్లలకు అది మేలే. వాళ్ల కోసం అది ఉండాలి. నా గొడవ వాళ్లతో కాదు. కొంతమందికి సాయంగా వచ్చిన పద్ధతి రేపు అందరి మీదా పడుతుందేమో అన్నదే నా భయం.

ఇప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. మీరు అడగకపోయినా నేనే అడుగుతాను. మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్, అంటే కారు కొన్నప్పుడు ఒకేసారి కట్టే బండి పన్ను, ఎంత? 5 లక్షల లోపు కారుకు 13 శాతం, 5 నుంచి 10 లక్షల దాకా 14, 10 నుంచి 20 లక్షల దాకా 17, 20 దాటితే 18. అంటే 8 లక్షల కారు కొంటే లైఫ్ ట్యాక్స్ 1,12,000 రూపాయలు. ఢిల్లీ రేటు 8 శాతం పెడితే 64,000. నీకు 48,000 మిగులుతుంటే ఎందుకయ్యా వద్దంటున్నావు? అదీ ప్రశ్న. న్యాయమైన ప్రశ్న.

నేను చాలా రోజులు దీని దగ్గరే ఆగిపోయాను. మనవాళ్లకు 48,000 అంటే మాటలా? ఒక ఏడాది ఇన్సూరెన్సు, నాలుగు టైర్లు. దాన్ని వద్దు అనడానికి నాకు నోరు రాలేదు. అప్పుడు మా ఊరి బండ్లు లెక్కపెట్టాను. నిజంగానే ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టాను. కార్లు ఉన్న ఇళ్లలో షోరూములో కొత్త కారు కొన్నవాళ్లు ఎంతమంది? వేళ్ల మీద లెక్క. మిగతావాళ్లందరూ సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్లే. నెల్లూరులో కొన్నవాళ్లు, ఒంగోలులో కొన్నవాళ్లు, మధ్యలో బ్రోకరు ద్వారా కొన్నవాళ్లు. సెకండ్ హ్యాండ్ కారుకు లైఫ్ ట్యాక్స్ మొదటి ఓనరే కట్టేశాడు. రేటు తగ్గినందువల్ల మనవాడికి ఒక్క రూపాయి మిగలదు. మరి ఎవరికి మిగులుతుంది? 30 లక్షల కారు కొనేవాడికి మిగులుతుంది. మన రేటు 18 శాతం ప్రకారం అతను 5,40,000 కట్టాలి. 12 శాతం అయితే 3,60,000. ఒక్క బండి మీద 1,80,000 తగ్గింపు. ఆ 1,80,000 రాష్ట్రం ఖజానాకు రావాల్సిన డబ్బు. అది పోతే ఆ లోటు ఎవరి దగ్గర పూడుస్తారు? ఆలోచించండి. 30 లక్షల కారు దగ్గర పోయింది, ఆటోలో పోసుకునే లీటరు దగ్గర వస్తుంది.

పెట్రోలు మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్పి ముందుకు పోతాను. మన రాష్ట్రం పెట్రోలు మీద 31 శాతం వ్యాట్ వేస్తుంది. దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. ఇది ఎక్కువే. నేను ఒప్పుకుంటాను, ఇది చాలా ఎక్కువ. తడ దగ్గర సరిహద్దు దాటి అవతల పోయించుకుంటే తగ్గుతుందని డ్రైవర్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అదే సమయంలో కేంద్రం వేసేది కూడా చూడండి. 2025 ఏప్రిల్‌లో రెండు రూపాయలు పెంచాక లీటరుకు ఎక్సైజు 21 రూపాయల 90 పైసలు అయింది. ఆ 21 రూపాయల 90 పైసల్లో రాష్ట్రాలకు పంచే లెక్కలోకి వచ్చేది ఎంత? 1 రూపాయి 40 పైసలు. మిగతాదంతా సెస్సు, అదనపు సుంకం అని పేర్లు పెట్టారు. ఆ పేర్లు పెడితే పంచక్కర్లేదు. ఆ రూపాయి నలభైలో రాష్ట్రాల వాటా 41 శాతం. అంటే 57 పైసలు. మన ఒక్క రాష్ట్రానికి కాదమ్మా, దేశంలో రాష్ట్రాలన్నీ కలిసి పంచుకునేది 57 పైసలు. రోడ్డు సెస్సు నుంచి కొన్ని పనులు రాష్ట్రాలకు వస్తాయి, కాదనను. కానీ అవి హక్కుగా రావు, వాళ్లు మంజూరు చేస్తే వస్తాయి.

నేను భయపడేది సరిగ్గా దీనికే. బండి పన్ను కూడా ఆ దారి పడితే?

బండ్ల మీద పన్ను వేసే అధికారం మన రాజ్యాంగం ఎవరికి ఇచ్చింది? రాష్ట్రాలకు ఇచ్చింది. ఏడో షెడ్యూలు, రాష్ట్రాల జాబితా, 57వ అంశం. రోడ్ల మీద తిరగడానికి వీలైన బండ్ల మీద పన్ను. ఉమ్మడి జాబితాలో 35వ అంశం ఉంది, ఆ పన్నులు ఏ సూత్రం మీద వేయాలో చెప్పే వీలు కేంద్రానికి కూడా ఉంది. సూత్రం చెప్పొచ్చు. సూత్రం వేరు, రేటు వేరు, పెట్టె తాళం వేరు. అది రాసినవాళ్లు ఎందుకు రాష్ట్రాలకు వదిలారు? బండి ఎక్కడ తిరుగుతుందో రోడ్డు అక్కడే అరుగుతుంది కాబట్టి. ఆ రోడ్డు వేయాల్సింది అక్కడి ప్రభుత్వం కాబట్టి.

ఇది నా సొంత మాట కాదు. 2025 ఆగస్టు 29న సుప్రీంకోర్టు మన రాష్ట్రం కేసులోనే తీర్పు చెప్పింది. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ ప్రహరీ లోపల, సామాన్యులు అడుగుపెట్టడానికి వీల్లేని యార్డులో తిరిగిన బండ్లకు కూడా రాష్ట్రం పన్ను అడిగింది. కోర్టు కుదరదంది. పబ్లిక్ రోడ్డు వాడుకుంటున్నందుకే ఈ పన్ను, ఆ రోడ్డు ఎక్కని బండి ఎందుకు కట్టాలి అంది. మన 1963 చట్టం మూడో సెక్షన్ చూపించి చెప్పింది. చూశారా? పన్ను కారుకు కాదు. కారు ఉన్నందుకు కాదు. రోడ్డు వాడినందుకు. అయితే ఏ రోడ్డు? నేను కావలి నుంచి ఉదయగిరి పోయే రోడ్డు వాడతాను. ఉదయగిరి నుంచి సీతారాంపురం పోయే రోడ్డు వాడతాను. జాతీయ రహదారి ఎక్కినప్పుడు దానికి వేరే డబ్బు ఇస్తున్నాను కదా. ముసునూరు టోల్ గేటు దగ్గర ఇస్తున్నాను, చెన్నై పోతే వెంకటాచలం దగ్గర ఇస్తున్నాను, బూదనం దగ్గర ఇస్తున్నాను. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ లేకపోతే రెండింతలు కట్టించారు. ఢిల్లీ రోడ్డుకు ఢిల్లీ డబ్బు వాళ్లు తీసుకుంటున్నారు. మరి ఊరి రోడ్డు డబ్బు రేటు కూడా వాళ్లే ఎందుకు తేల్చాలి?

మొన్న వానాకాలంలో కొండాపురం వైపు పోయినవాళ్లు ఉన్నారా ఇక్కడ? చేతులెత్తండి. ఆ, చాలామంది ఉన్నారు. ఆ గుంటల్లో ఎన్ని బండ్ల సస్పెన్షన్ పోయిందో మీకే తెలుసు. నేను దాన్ని సమర్థించడం లేదు. రాష్ట్రం మన దగ్గర లైఫ్ ట్యాక్స్ తీసుకుని కూడా ఆ రోడ్డును అలా వదిలేయడం తప్పు. నేను జడ్పీటీసీగా ఉన్నప్పుడు ఆర్ అండ్ బీ వాళ్ల చుట్టూ ఎన్ని అర్జీలు పట్టుకుని తిరిగానో. కొన్ని అయ్యాయి, కొన్ని కాలేదు. కానీ తిరగడానికి ఒక చోటు ఉంది. కలెక్టరు గ్రీవెన్సు ఉంది, ఎమ్మెల్యే ఇల్లు ఉంది, అసెంబ్లీలో అడగడానికి మనిషి ఉన్నాడు. పాత లారీల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ సంగతి గుర్తుందా? ఆ మధ్య రాష్ట్రం బాగా పెంచింది. లారీ యజమానులు పట్టు వదలకుండా అడిగారు. తర్వాత అదే రాష్ట్రం తగ్గించింది. అడిగితే తగ్గింది.

ఇప్పుడు ఢిల్లీలో తేలిన రేటు ఒకటి చెప్తాను. 15 ఏళ్లు దాటిన కారు ఆర్సీ రెన్యువల్. 2022 మార్చి దాకా 600 రూపాయలు. ఏప్రిల్ 1 నుంచి 5,000. బైకుకు 300 ఉన్నది 1,000 చేశారు. అక్కడ ఆగిందా? 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటిన కారుకు 10,000, బైకుకు 2,000. మనలో ఎంతమందికి ఆ పాత బండ్లు ఉన్నాయి? విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల మీదికి మేత మూటలు వేసుకుని పోయే బండ్లన్నీ ఆ వయసు బండ్లే. పది వేలు ఎవరిని అడిగి పెంచారు? మనం ఎవరిని అడగాలి? గజెట్‌లో వచ్చింది, ఆన్‌లైన్‌లో రేటు మారింది, అంతే. కావలి ఆర్టీవో ఆఫీసులో గుమాస్తాను తిడితే అతనేం చేస్తాడు పాపం. బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు కూడా తెలియదు, ఎవరు పెంచారో.

పాత బండి పొగ ఎక్కువ వదులుతుంది, ప్రమాదాలకు కారణమవుతుంది అంటారు. అందులో నిజం ఉంది. అలాగైతే ఫిట్‌నెస్ గట్టిగా చూడండి, పొగ టెస్టు గట్టిగా చూడండి. బాగున్న బండికి, బాగాలేని బండికి ఒకటే ఫీజు పెడితే పొగ ఎలా తగ్గుతుంది?

కారు ఉందంటే డబ్బున్నవాడు అనే చూపు ఒకటి ఉంది. ఈ చూపు నాకు చాలా బాధ కలిగిస్తుంది. సీతారాంపురం నుంచి ఒక తమ్ముడు వచ్చాడు, ముందు వరసలోనే కూర్చున్నాడు. పేరు చెప్పను, అతనికి ఇష్టం ఉండకపోవచ్చు. వాళ్ల నాన్నకు కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్. బస్సులో పోతే వచ్చేసరికి మనిషి మనిషిలా ఉండడు. బాడుగ కారు తీసుకుంటే నెలకు వచ్చే ఆదాయమంతా దానికే చాలదు. చేతి అప్పు చేసి, పాత మారుతి వ్యాన్ కొన్నాడు. అది విలాసమా? ఉదయగిరి మెట్ట మీద కిడ్నీ జబ్బు ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు, నీళ్ల సంగతి మీకు తెలుసు. ఆ ఇళ్ల ముందు ఉన్న పాత కార్లు అంబులెన్సులు. ఢిల్లీలో మెట్రో రైలు ఎక్కి ఆఫీసుకు పోయే మనిషికి కారు ఒక సౌకర్యం. మెట్ట ఊళ్లో సాయంత్రం ఆఖరి బస్సు పోయాక అది ప్రాణం. ఈ రెండింటికీ ఒకటే కొలబద్ద పెడతామంటే నేను ఎలా ఒప్పుకుంటాను?

ఇక ఒకటే దేశం, ఒకటే పన్ను అనే మాట గురించి. ఆ మాట వినడానికి బాగుంటుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. అప్పుడు రాష్ట్రాలకు ఒక మాట ఇచ్చారు. మీకు వచ్చే ఆదాయం ఏటా 14 శాతం పెరుగుతుందనుకుని, అంతకన్నా తగ్గితే ఆ తేడా ఐదేళ్లు మేమిస్తాం అన్నారు. ఇచ్చారు, మధ్యలో కరోనా వచ్చినప్పుడు అప్పు తెచ్చి సర్దారు. 2022 జూన్‌తో ఐదేళ్లు అయిపోయాయి. పరిహారం ఆగిపోయింది. ఇప్పుడు రాష్ట్రం ఒక్కటే జీఎస్టీ రేటు మార్చుకోగలదా? మార్చుకోలేదు. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18కి తగ్గింది. సంతోషం. కొనేవాళ్లకు మంచిదే. అయితే తగ్గించినా, రేపు పెంచినా మన అసెంబ్లీలో దాని మీద ఓటు లేదు. 8 లక్షల కారులో ఇప్పుడు కూడా 1,22,000 దాకా జీఎస్టీ ఉంది. రాష్ట్రం చేతిలో సొంతంగా మిగిలిన పెద్ద ఆదాయాలు నాలుగే నాలుగు. మద్యం, పెట్రోలు మీద వ్యాట్, రిజిస్ట్రేషన్లు, బండి పన్ను. బండి పన్ను కూడా తీసేస్తే ప్రభుత్వం దేని మీద పడుతుంది? మద్యం మీద పడుతుంది. అంతకన్నా వేరే దారి ఏముంది?

మద్యం అన్నాను కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మనం ఉన్నది ఏ జిల్లా? కలిగిరి ఇక్కడికి ఎంత దూరం? దూబగుంట ఎంత దూరం? 1992లో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు లేచి సారా అంగడి మా ఊళ్లో వద్దన్నారు. ప్రభుత్వం అప్పుడు ఏమంది? ఆదాయం పోతుంది అంది. సారా వేలం పాటలు లేకపోతే ఖజానా ఎలా నిండుతుంది అంది. దూబగుంట రోశమ్మ, ఆమెతో ఉన్న ఆడవాళ్లు దానికి లొంగారా? 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. వాళ్లు నెల్లూరు పోయారు, హైదరాబాదు దాకా వాళ్ల మాట పోయింది. పోగలిగే దూరంలో ఉంది కాబట్టి పోయింది. ఆ రోజు సారా మీద నిర్ణయం ఢిల్లీలో ఉండి ఉంటే దూబగుంట ఆడవాళ్లు ఏ రైలెక్కి ఎవరి గుమ్మం ముందు కూర్చునేవాళ్లు? అమ్మా, మీరు తల ఊపుతున్నారు, మీరు ఆ రోజుల్లో ఉన్నవాళ్లే అనుకుంటాను.

పన్ను తీసుకునేటప్పుడు ఒక పేరు, తర్వాత ఖర్చు ఇంకో దానికి. ఇది కొత్త కాదు. మనల్ని ఏలిన ఇంగ్లండులోనే చూడండి. 1909లో అక్కడి ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్ మోటారు బండ్ల మీద, పెట్రోలు మీద పన్ను వేస్తూ ఆ డబ్బంతా రోడ్లకే అన్నాడు. దానికి రోడ్ ఫండ్ పెట్టారు. 1926లో ఆర్థిక మంత్రిగా ఉన్న చర్చిల్ అందులోంచి తీసి ప్రభుత్వం మామూలు ఖర్చులకు వాడాడు. 1937 నాటికి ఆ పన్నుకు, రోడ్లకు సంబంధమే తెగిపోయింది. మన దగ్గర 1929లో జయకర్ కమిటీ చెప్పినట్టు పెట్రోలు మీద పైసలు కూడబెట్టి కేంద్ర రోడ్డు నిధి పెట్టారు. 2000లో చట్టం చేశారు. 2018లో ఆ నిధి పేరు మార్చి, రోడ్డు పక్కన 'మౌలిక వసతులు' అనే మాట చేర్చారు. ఇప్పుడు దాంట్లోంచి రోడ్లు కానివి కూడా చాలా చేయొచ్చు. అవి అక్కర్లేనివని నేను అనడం లేదు. రోడ్డు పేరు చెప్పి తీసుకున్నది రోడ్డుకే రావాలి అంటున్నాను. దూరం పెరిగేకొద్దీ ఆ పేరు మర్చిపోవడం సులువు అవుతుంది.

జర్మనీలో జరిగింది కూడా ఒకటి ఉంది. దాన్ని నేను రాజకీయ నాయకుడిగా చెప్పాలి, ఎందుకంటే తప్పు నాయకుల వైపు ఉంది. 2013లో ఎన్నికల ముందు టీవీ చర్చలో ఆ దేశ ఛాన్సలర్, అంటే మన ప్రధాని లాంటి పదవిలో ఉన్న మెర్కెల్ చెప్పింది, నేనుండగా కార్లకు రోడ్డు టోల్ రాదు అని. అందరూ విన్నారు. ఎన్నికలు అయ్యాయి, పొత్తు పార్టీ పట్టుబట్టింది. 2015లో ఆమె ప్రభుత్వమే చట్టం చేసింది. దేశమంతటా కార్లకు టోల్. తమ దేశం కార్లకు మాత్రం ఆ మేరకు బండి పన్నులో తగ్గిస్తామన్నారు. అంటే భారం ఎవరి మీద? సరిహద్దు దాటి వచ్చేవాళ్ల మీద. పక్కనున్న ఆస్ట్రియా కోర్టుకు పోయింది. 2019 జూన్ 18న యూరప్ న్యాయస్థానం అది చెల్లదంది. ఒక్క కారు దగ్గర ఒక్క యూరో కూడా వసూలు కాలేదు. కానీ ముందే కాంట్రాక్టులు రాసేశారు కదా, ఆ కంపెనీలకు 2023లో 24 కోట్ల 30 లక్షల యూరోలు నష్టపరిహారం కట్టారు. ఎవరి డబ్బు అది? నాయకుడు నోటితో వద్దంటే చాలదు, అందుకే నేను రాసిచ్చాను. మీరు కూడా మన ఎమ్మెల్యేలను, ఎంపీని నోటి మాట అడక్కండి. కాగితం అడగండి.

ఇప్పుడు రెండో వైపు. రెండో వైపు చెప్పకపోతే నేను మీకు న్యాయం చేసినట్టు కాదు.

పదేళ్ల కిందట నేను చెన్నైలో ఒక కారు కొన్నాను. సెకండ్ హ్యాండే. తమిళనాడు నంబరు. చట్టం ప్రకారం ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచుకుంటే అక్కడి నంబరు వేయించుకోవాలి. ముందు అక్కడి ఆఫీసులో ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం. దానికి రెండు ట్రిప్పులు. ఇక్కడికొచ్చి మళ్లీ లైఫ్ ట్యాక్స్. అక్కడ మొదటి ఓనరు కట్టినదాంట్లో మిగిలినది వెనక్కి రావాలి కదా, దానికి మూడు ట్రిప్పులు. ఒకసారి పోతే సంతకం పెట్టే ఆయన లీవు. ఇంకోసారి పోతే కాగితం పాతది, కొత్తది తెమ్మన్నారు. ఏడాదిన్నర పట్టింది. ఇంట్లో నాతో గొడవ పడ్డారు, ఆ వచ్చే డబ్బు కన్నా పోయిన డబ్బే ఎక్కువని. తడ, సూళ్లూరుపేట వైపు వాళ్లకు ఇది రోజూ ఉండే టెన్షన్. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ బతికేవాళ్లు వాళ్లు. దేశమంతా ఒకటే రేటు అంటే వాళ్లు చప్పట్లు కొడతారు. వాళ్ల బాధ నిజం. పుదుచ్చేరి నంబరు వేయించుకుని ఇక్కడ తిరిగే ఖరీదైన కార్ల సంగతి కూడా నిజం.

కానీ దానికి మందు రేటు ఒకటి చేయడమేనా? నాకు వచ్చిన కష్టం రెండు రేట్లు వేరుగా ఉన్నందుకు రాలేదు. రెండు ఆఫీసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోనందుకు వచ్చింది. ఇప్పుడు దేశంలో బండ్ల వివరాలు చాలావరకు కేంద్రం పెట్టిన వాహన్ కంప్యూటర్లలో ఉన్నాయి. నేను చెన్నై నుంచి కావలికి మారాను అని ఒక్క దరఖాస్తు పెడితే, మిగిలిన నెలల పన్ను తమిళనాడు ఖజానా నుంచి మన ఖజానాకు నేరుగా రావాలి. తేడా ఉంటే ఆ తేడా మాత్రం నేను కట్టాలి, లేదా నాకు రావాలి. రెండు ప్రభుత్వాలు లెక్క చూసుకోవాలి, మధ్యలో నేనెందుకు తిరగాలి? దీనికి రాజ్యాంగం మార్చక్కర్లేదు. రాష్ట్రాలు కూర్చుని ఒప్పందం రాసుకుంటే చాలు. లారీలకు నేషనల్ పర్మిట్ డబ్బు రాష్ట్రాలు పంచుకోవడం లేదా? ఆ ఒప్పందం చేయించే పని కేంద్రం చేస్తే నేనే మొదట దండ పట్టుకుని పోతాను. సూత్రం చెప్పడం అంటే అదే.

ఇంకొకటి. లైఫ్ ట్యాక్స్ అంతా ఒకేసారి ఎందుకు కట్టాలి? లక్షా పన్నెండు వేలు ఒకేసారి కట్టలేక ఫైనాన్సులో కలిపేస్తున్నారు, దాని మీద వడ్డీ కడుతున్నారు. పన్నుకు వడ్డీ! బీహెచ్ ప్లేటు వాళ్లకు రెండేళ్లకోసారి కట్టే వీలు ఉన్నప్పుడు రైతుకు ఎందుకు లేదు? ఇది నేను మన రాష్ట్రాన్ని అడుగుతున్నాను. ఢిల్లీ వద్దు అన్నంత మాత్రాన ఇక్కడి ప్రభుత్వం చేసేదంతా బాగుందని కాదు. 13, 14 శాతం పేదవాడి కొత్త కారు మీద ఎక్కువే. తగ్గించాలి. ఆ తగ్గింపు కోసం మనం విజయవాడ పోదాం, అమరావతి పోదాం. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడ ఉంటాం. నేను అనేది అదే. పోగలం.

మన నెల్లూరు జిల్లాలో పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య గారు ఢిల్లీలో పార్లమెంటుకు సైకిల్ మీద పోయేవారని మనందరికీ తెలుసు. నేను ఆ పార్టీ వాణ్ని కాదు. ఆయన రాజకీయాలతో నాకు అన్నిట్లో ఏకీభావం లేదు. కానీ ప్రజల డబ్బు ఒక్క రూపాయి ఎలా ఖర్చవుతుందో అడిగే మనిషి ఎలా ఉండాలి అంటే నాకు ఆ సైకిలే గుర్తొస్తుంది. మనం పంపినవాళ్లను అడుగుదాం.

ఇక పని చెప్తాను. ఆ బల్ల మీద ఒక పెద్ద రిజిస్టరు పెట్టాం. ప్రతి ఒక్కరూ మీ బండి ఏ సంవత్సరంది, కొత్తదా సెకండ్ హ్యాండా, లైఫ్ ట్యాక్స్ ఎంత కట్టారు, పోయిన నెలలో ఆసుపత్రికి ఎన్నిసార్లు పోయింది, టోల్ ఎంత అయింది రాయండి. ఆర్సీ నంబరు రాయక్కర్లేదు, పేరు కూడా రాయక్కర్లేదు. రాయడం రానివాళ్లకు కాలేజీ పిల్లలు ఇద్దరు అక్కడ కూర్చున్నారు, వాళ్లతో రాయించండి. పక్క మండలాల్లో కూడా ఇలాగే రాయించి, అన్నీ కలిపి ఎంపీ చేతికి, మన ఎమ్మెల్యేల చేతికి ఇద్దాం. వాళ్లు చట్టసభలో నిలబడి మాట్లాడాలంటే చేతిలో మన లెక్క ఉండాలి. ఆటో వాళ్లు ముందు పోండి, మీకు రైలు టైమవుతోంది. మిగతావాళ్లు ఆగండి. సీతారాంపురం తమ్ముడూ, నువ్వు కూడా వాళ్లతో పాటు ముందే రాయించుకో. రేపు పొద్దునే నాన్నను తీసుకుపోవాలి కదా.